మా ఆయన పెళ్ళిళ్ళకి వెళ్తారు, నేను తోటలో ఉంటాను

కోనసీమలో మనిషి ఒక్కడే కూర్చుని కనిపిస్తే చూసినవాళ్ళకి మూడే అనుమానాలు. ఇంట్లో గొడవైనా అయ్యుండాలి, ఒంట్లో బాగాలేకైనా ఉండాలి, అప్పులవాళ్ళు తిరుగుతూనైనా ఉండాలి. ఊరికే కూర్చోవాలనిపించి కూర్చున్నానంటే ఎవరూ నమ్మరు. "ఊరికే ఎందుకు కూచుంటారండీ, మేం లేమేంటి?" అంటూ పక్కనే చతికిలబడి కబుర్లు మొదలెడతారు. ప్రేమే, కాదనను. ఆ ప్రేమకి తలుపు వేయడం మాత్రం మహా కష్టం.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఏడాదిలో ఎక్కువ నెలలు అంబాజీపేట దగ్గర మా కొబ్బరి తోటలో, మకాం పక్కన వేసుకున్న రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. మా ఆయన ఊళ్ళో ఇంట్లో ఉంటారు. సైకిలెక్కితే పది నిమిషాల దూరం. మా ఇద్దరికీ ఏ తగాదా లేదు. ఈ మాట చుట్టాలకి చెప్పీ చెప్పీ అలిసిపోయి, ఇప్పుడు చెప్పడం మానేశాను. గొడవేననుకుంటే వాళ్ళకి కాలక్షేపం, నాకు ప్రశాంతం.

పాఠం చెప్పిన అలవాటు పోదు కాబట్టి, ఇక్కడ ఒంటరిగా ఉండటం ఎందుకింత కష్టమో ముందు చెబుతాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర నీళ్ళని కాలువల్లోకి మళ్ళించాడు, నీళ్ళ వెనకాలే జనం వచ్చారు. కాలువ గట్ల వెంబడి ఊరికి ఊరు అంటుకుపోయింది. ఒక ఊరి చివరి ఇల్లేదో, పక్క ఊరి మొదటి ఇల్లేదో కొత్తవాళ్ళు పోల్చుకోలేరు. 2011 జనాభా లెక్కలు చూస్తే ఇప్పటి కోనసీమ జిల్లాలో చదరపు కిలోమీటరుకి ఎనిమిది వందల మందికి పైనే, అంటే రాష్ట్ర సగటుకి రెట్టింపు కన్నా ఎక్కువ. అడవి లేదు, కొండ లేదు, బీడు లేదు. తోటలో చెట్టుకి చేరబడ్డా ఎవరో ఒకరు గట్టు మీంచి చూస్తూనే ఉంటారు.

ఇంత కిక్కిరిసిన చోటే ఒక మనిషి దాదాపు నలభై ఏళ్ళు తలుపు వేసుకుని ఉండగలిగాడు. ముమ్మిడివరం బాలయోగి. 1930లో ఒక పేద దళిత కుటుంబంలో పుట్టిన ఆ కుర్రవాడు 1940లలో, ఇంకా మీసకట్టు రాని వయసులో తపస్సుకి కూర్చున్నాడు. 1985లో సిద్ధి పొందేదాకా ఆ తలుపు ఏడాదికి ఒక్కసారే, మహాశివరాత్రి నాడు తెరుచుకునేది. తర్వాత ఆయన తమ్ముడూ అదే దారి పట్టారు. అన్నపానాలు ముట్టరని భక్తులు నమ్మారు, అదెలా కుదురుతుందని నమ్మనివాళ్ళు వాదించారు. ఆ వాదనలోకి నేను దిగను. నా మనసంతా ఆ తలుపు మీదే.

చిన్నప్పుడు ఓ శివరాత్రికి మా మామ్మ నన్ను తీసుకెళ్ళింది. అప్పటికి యానాం, ఎదుర్లంక మధ్య వంతెన లేదు. లోక్‌సభ స్పీకరుగా ఉండగా 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టిన ఆ వంతెన తర్వాత ఎప్పటికో వచ్చింది. కాకినాడ వైపు జనమంతా గోదావరి దాటి రేవులో దిగుతున్నారు. బళ్ళు, బస్సులు, నెత్తిన మూటలు, చంకన పిల్లలు, వెదుళ్ళు కట్టిన వరసలు. గంటలకొద్దీ నిలబడితే మా వంతు రెప్పపాటులో అయిపోయింది. నాకు కనిపించినవి ముందువాళ్ళ వీపులే. మామ్మ మాత్రం "చూశానే, కళ్ళు మూసుకుని ఉన్నారు" అని దారి పొడుగునా చెప్పుకుంది.

పెద్దయ్యాక ఆ రోజు గుర్తొచ్చినప్పుడల్లా నాకు తట్టేది వేరు. ఆ గదికి తాళం ఎవరు వేసేవారు? మిగతా రోజుల్లో వచ్చి "ఒక్కసారి చూపించండి బాబూ" అని బతిమాలేవాళ్ళని ఎవరు వెనక్కి పంపేవారు? శివరాత్రి నాడు అంత జనానికి మంచినీళ్ళు ఎవరు పోశారు, వరసలు ఎవరు నిలబెట్టారు? లోపల ఒక్కడు కదలకుండా కూర్చోవాలంటే బయట ఎంతమంది తిరుగుతూ ఉండాలి! ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 1940లలో ఆ కుర్రవాడు మామూలుగా నడిచొస్తే ఎన్ని ఇళ్ళవాళ్ళు వీధరుగు ఎక్కనిచ్చేవారో ఊహించుకోండి. కళ్ళు మూసుకుని కూర్చున్నాక అదే అరుగుల మీంచి అన్ని కులాలవాళ్ళూ దిగొచ్చి ఆయన గుమ్మం ముందు వరసలో నిలబడ్డారు. మా వైపు ఒంటరిగా ఉంటానంటే దేవుడి పేరు చెప్పాలి. అది చెబితే ఊరే కాపలా కాస్తుంది. చెప్పకపోతే ఊరే తలుపు తడుతుంది.

కాకినాడలో పిఠాపురం రాజావారి కాలేజీలో చదువుకున్న రచయిత చలాన్నే చూడండి. సంఘం ఆయన్ని వెలివేసిందో, ఆయనే సంఘాన్ని వెలివేశారో గానీ 1950లో బెజవాడ వదిలి అరుణాచలం వెళ్ళిపోయారు. 1979లో పోయేదాకా అక్కడే. లోకం విసిగి వెళ్ళినాయన కదా అనుకుంటాం. కానీ ఆ ఇంట్లో కూతురు సౌరిస్ ఉంది, ఇంకా మనుషులున్నారు, వచ్చేపోయేవాళ్ళున్నారు. ఉత్తరాలకైతే అంతే లేదు. మా గోదావరి జిల్లావాడైన చింతా దీక్షితులుకి ఆయన రాసిన ఉత్తరాలు పుస్తకమే అయ్యాయి. ఆయన వెతుక్కుంటూ వెళ్ళిన రమణ మహర్షి సంగతీ అంతే. గుహలో ఉన్న కొడుకు దగ్గరికి 1916లో తల్లి అళగమ్మాళ్ వచ్చేసింది, పొయ్యి వెలిగింది. మౌనానికి ప్రసిద్ధికెక్కిన ఆశ్రమాల వెనక ఎక్కడైనా ఓ వంటిల్లు తప్పకుండా ఉంటుంది. మా వాళ్ళు ఆ వంటింటికి కూడా దణ్ణం పెడితే బాగుండును.

ఇది మన దేశానికే చెల్లిందేమీ కాదు. వాల్డెన్ చెరువు గట్టున 1845 నుంచి రెండేళ్ళకి పైగా ఒంటరిగా ఉన్న అమెరికా రచయిత థోరో కుటీరం వేసుకున్నది స్నేహితుడు ఎమర్సన్ స్థలంలో. వాళ్ళమ్మ ఇల్లు నడిచెళ్ళే దూరంలోనే ఉంది, ఆయన వెళ్ళి తిని వస్తూనే ఉండేవాడు. మనుషులతో పూర్తిగా తెంచుకున్నవాడంటే అమెరికాలో మెయిన్ రాష్ట్రపు అడవిలో 1986 నుంచి 27 ఏళ్ళు దాక్కున్న క్రిస్టఫర్ నైట్. ఆయనైనా ఏం తిని బతికాడు? చుట్టుపక్కల విడిది ఇళ్ళలో దొంగతనం చేసి తెచ్చుకున్నది. 2013లో ఓ శిబిరం వంటింట్లోనే పట్టుబడ్డాడు.

మరి ఆడవాళ్ళో? మా వైపు ఆడవాళ్ళకి ఒంటరితనం తెలియక కాదు. బలవంతాన నేర్పారు. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించేనాటికి, మొగుడు పోయిన పిల్లని మూలగదిలో కూర్చోబెట్టడం మర్యాదస్తుల ఇళ్ళలో మామూలు. శుభకార్యానికి ఎదురు రాకూడదు, పీటల దగ్గర కనబడకూడదు. ఆ గదిలో కూర్చున్న పిల్ల చేసింది తపస్సని ఎవరూ అనలేదు, ఏ పండగ నాడూ వరసలో నిలబడి చూడ్డానికి రాలేదు. అందుకే ఈ రోజుకీ ఓ ఆడమనిషి తనంతట తాను జనంలోంచి పక్కకి తప్పుకుంటానంటే మా పెద్దవాళ్ళకి గుండె ఝల్లుమంటుంది. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు గనక వాళ్ళ మీద కోపం రాదు.

నా సంగతికొస్తే, నాకు దేవుడి పేరు అడ్డం పెట్టుకోవడం చేతకాదు. పూజలూ అంతంతమాత్రం. ముప్ఫై ఏళ్ళకి పైగా రోజూ క్లాసుల్లో అరిచినదాన్ని. ఇంటికొస్తే అత్తగారు, మరుదులు, వచ్చేపోయే చుట్టాలు. కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఇంకో గ్లాసు పెట్టాల్సి వచ్చేది. రిటైరయ్యాక పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారు, అత్తగారు కాలం చేశారు. నాకిక ఎవరితోనూ మాట్లాడాలని లేదండీ అన్నాను మా ఆయనతో. ఆయన కంగారు పడలేదు. "నాతోనా, అందరితోనా?" అని అడిగారు. "అందరితో, అందులో మీరూ ఉన్నారు" అన్నాను. ఓ పూటంతా ఆలోచించి, మకాం పక్క గదులకి పెంకు సరిచేయించారు.

అప్పుడు మా మధ్య కుదిరిన ఒప్పందమే నా తపస్సుకి పెట్టుబడి. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీలు, పంచెలు, పరామర్శలు అన్నీ ఆయన చూసుకుంటారు. గోదావరి జిల్లాల్లో అదెంత బరువో తెలియనివాళ్ళకి చెబుతున్నాను: మాఘంలో ఒక్కోరోజు మూడు శుభలేఖలుంటాయి. ఏ ఇంటికి వెళ్ళకపోయినా ఆ ఇంటివాళ్ళు మన ఇంటి గడప తొక్కరు. ఆయన ఉదయం ఒకచోట టిఫిను, మధ్యాహ్నం ఒకచోట విస్తరి, రాత్రి మరోచోట రిసెప్షను ముగించుకుని వస్తారు. నేనేరని అడిగిన ప్రతిచోటా "ఆవిడకి మోకాళ్ళండి" అంటారు. నా మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. జిల్లా మొత్తం మీద నా మోకాళ్ళకి వచ్చినంత పేరు నాకు పాఠాలు చెప్పినప్పుడు రాలేదు.

తోటలో ఏం చేస్తావని అడుగుతారు. పెద్దగా ఏమీ చేయను. నెలన్నర రెండు నెలలకోసారి దింపు తీసేవాళ్ళొస్తారు, ఆ రోజు సందడే. మిగతా రోజుల్లో రాలిన మట్టలు ఈడ్చి ఓ పక్కన వేస్తాను. పొద్దెక్కాక నీడలో పీట వేసుకుని ఈనెలు తీస్తాను. మట్ట నుంచి ఆకులు కోసి, ఒక్కో ఆకునీ ఎడమచేత్తో మొదలు పట్టుకుని, ఈనెకి ఆనించి కత్తి వాటంగా పెట్టి లాగాలి. కత్తి కదలకూడదు, ఆకే కదలాలి. సరిగా లాగితే ఒక పక్క ఆకు మొదలు నుంచి కొసదాకా చీరంచులా ఊడి వస్తుంది. తిప్పి రెండో పక్క లాగితే పచ్చటి ఈనె చేతిలో మిగులుతుంది. తొందరపడ్డామా, కొస దగ్గర పుటుక్కున తెగుతుంది. ఈనెలు ఎండలో వేస్తే రెండు మూడు రోజులకి పచ్చదనం పోయి గట్టిపడతాయి. పిడికెడు పోగయితే తాడు చుట్టి చీపురు కడతాను. మధ్యాహ్నం పుస్తకం, సాయంత్రం కాలువ గట్టు మీద నడక. కొన్ని రోజులు పాలబ్బాయితో తప్ప ఎవరితోనూ మాట ఉండదు. ఆ రోజుల్లో నాకు విసుగన్నది తెలియదు. మొదట్లో మాత్రం తెలిసింది. తల లోపల క్లాసు నడుస్తూనే ఉండేది, ఎప్పుడో ఎవరితోనో పడ్డ గొడవలన్నీ వరసగా హాజరు పలికేవి. అవి సద్దుమణగడానికి కొన్ని వారాలు పట్టింది. ఒంటరిగా ఉండాలని చూసి రెండో రోజే పారిపోయొచ్చేవాళ్ళు ఈ హాజరుపట్టీకి భయపడే వస్తారని నా అనుమానం.

ఆ భయం నిజమేనని చెప్పే ప్రయోగం ఒకటుంది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు చేస్తే 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. మనిషిని పావుగంట ఖాళీ గదిలో కూర్చోబెట్టారు. ఫోను లేదు, పుస్తకం లేదు. ఉన్నదల్లా నొక్కితే కరెంటు షాకు కొట్టే మీట. ఆ షాకు ఎలా ఉంటుందో ముందే రుచి చూపించారు, డబ్బులిచ్చైనా తప్పించుకుంటామని అందరూ అన్నవాళ్ళే. అయినా ఊరికే కూర్చోలేక 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు తమకి తామే షాకు కొట్టుకున్నారు. ఆడా మగా తేడా గురించి నేనేమీ అనను. మా ఆయన ఈ వ్యాసం చదువుతారు.

ఇంత చెప్పాను గానీ, ఒంటరిగా ఉన్నవాళ్ళంతా నాలాగే సుఖంగా ఉన్నారనుకుంటే పొరపాటు. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనం చూసుకోవడానికి మంత్రుల్నే పెట్టుకున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన కమిషన్ 2025 నివేదికలో ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని తేల్చింది. మా ఊళ్ళోనే చూడండి. పిల్లలు అమెరికాలోనో, కూతురు కువైట్‌లో ఇంటిపనిలోనో ఉండి, రాత్రి వీడియో కాల్ కోసం సాయంత్రం నుంచే ఫోను చార్జింగు పెట్టుకుని కూర్చునే ముసలివాళ్ళు ఎందరో. వాళ్ళు ఒంటరిగా ఉండాలని కోరుకోలేదు. వాళ్ళని పలకరించాలి, నన్ను పలకరించకపోయినా ఫరవాలేదు.

ఇద్దరికీ తేడా బయటినుంచి కనిపెట్టడం కష్టమే, కానీ కొన్ని గుర్తులున్నాయి. తనకి తానై తప్పుకున్న మనిషి స్నానం మానదు, అన్నం మానదు, ఇష్టమైన పని వదలదు, పిలిస్తే పలుకుతుంది. నిన్నటిదాకా సరదాగా తిరిగిన మనిషి ఉన్నట్టుండి గది పట్టి, నిద్ర చెడి, తిండి తగ్గి, దేని మీదా మనసు లేకుండా ఉంటే అది వైరాగ్యం కాదు, డాక్టరుకి చూపించాలి. ఊళ్ళో మానసిక వైద్యులు లేకపోయినా టెలి మానస్ నంబరు 14416కి ఫోను చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంకోటి, ఇది ఎవరూ పట్టించుకోనిది: చెవులు. మాటలు సరిగా వినపడక, ప్రతిసారీ "ఆఁ?" అనడానికి సిగ్గుపడి జనంలోకి రావడం మానేసిన పెద్దవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. ఒకాయన్ని అందరూ వేదాంతి అన్నారు. చెవికి మిషను పెట్టించాక ఆ వేదాంతం పోయి పేకాటకి వచ్చారు. వినికిడి తగ్గడాన్ని పట్టించుకోకపోతే మతిమరుపు జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుందని లాన్సెట్ కమిషన్ కూడా పదే పదే చెబుతోంది.

తోటా మకామూ లేనివాళ్ళ సంగతేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా పెద్దవాళ్ళు దానికి గ్రంథాలయాలు పెట్టారు. రాజమండ్రిలో నాళం కృష్ణారావు 1898లో మొదలెట్టిన గౌతమీ గ్రంథాలయంలో కూర్చుంటే పక్కవాడు మిమ్మల్ని ఊరూ పేరూ అడగడు. నిశ్శబ్దంగా ఉండమని గోడ మీదే రాసి ఉంటుంది. పదిమంది మధ్య మాట్లాడకుండా కూర్చున్నా ఎవరూ తప్పుపట్టని చోటు మా ప్రాంతంలో అదొక్కటే. కాలక్షేపానికి పాపికొండలు వెళ్ళమని మాత్రం నేను చెప్పను. 1920లలో ఓ సాధువు, బాలానందస్వామి, పేరంటాలపల్లిలో కొండరెడ్ల మధ్య మునివాటం కట్టుకుని ఉండిపోయిన చోటది. లాంచీలు వచ్చాక ఏమైందంటే, మైకులో సినిమా పాటలకి డాన్సు కడుతూ వెళ్ళి, అరగంట దిగి, ప్రశాంతత బావుందని ఫోటోలు తీసుకుని, మళ్ళీ మైకు పెట్టుకుని తిరిగి రావడమైంది. ఇప్పుడా చోటే పోలవరం ముంపు ప్రాంతంలో ఉంది.

పది రోజులు గట్టిగా ప్రయత్నిద్దామనుకునేవాళ్ళకి విపశ్యన ధ్యానం ఉంది. గోయెంకాగారు చెప్పిన పద్ధతి. భీమవరం దగ్గర కుముదవల్లిలో ఓ కేంద్రం, ఏలూరు దగ్గర విజయరాయిలో ఓ కేంద్రం ఉన్నాయి. ఫీజు లేదు, ఇవ్వాలనిపిస్తే చివర్లో ఎంతో కొంత ఇచ్చిరావచ్చు. మా వదిన బలవంతం మీద నేనూ వెళ్ళాను. వెళ్ళగానే ఫోను తీసుకుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. మాట్లాడకూడదు, సైగ చేయకూడదు, ఒకరి కళ్ళలోకి ఒకరు చూడకూడదు. చదవకూడదు, రాయకూడదు కూడా. నాకు మాటలు లేకపోవడం పండగే, పుస్తకం లేకపోవడమే ప్రాణం మీదికొచ్చింది. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి వచ్చేదీ పోయేదీ గమనించడమే పని. వండేవాళ్ళకి సాయం చేసేవాళ్ళూ, గంట కొట్టేవాళ్ళూ, పడుకుండిపోయినవాళ్ళ తలుపు తట్టి లేపేవాళ్ళూ అంతా ఇదివరకు ఆ పది రోజులూ కూర్చుని వెళ్ళినవాళ్ళే. జీతం లేకుండా వచ్చి చేస్తారు. ముమ్మిడివరం గది బయట తిరిగినవాళ్ళెవరో నాకు అక్కడ అర్థమైంది.

నా పక్క ఆసనంలో నా వయసావిడే ఒకావిడ. అన్ని రోజులూ ఆవిడ దగ్గు, చీర అంచు, నడక చప్పుడు తప్ప మొహం సరిగా చూడలేదు. పదో రోజు పొద్దున మౌనం విడిచిపెట్టొచ్చన్నారు. హాలు బయటికి వచ్చామో లేదో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పది రోజుల ధ్యానం తర్వాత ఏం చెబుతుందోనని చూశాను.

"మీదే ఊరండీ? ఎవరి తాలూకా?" అంది.

చెప్పాను. ఆవిడ తన పుట్టిల్లు చెప్పింది, నేను మా అత్తగారి పుట్టిల్లు చెప్పాను. మధ్యాహ్నం భోజనాల వేళకి ఇద్దరం వరసకి వియ్యపురాళ్ళమని తేలింది. ఆవిడ చిన్నకొడుక్కి సంబంధం కుదిరిందట, మాఘంలో పెళ్ళి, తప్పకుండా రావాలంది. మా ఆయన్ని పంపిస్తానన్నాను. "అదేంటి, మీరో?" అంది.

"మోకాళ్ళండి" అన్నాను. పది రోజులు బాసింపట్టు వేసుకుని పక్కనే కూర్చున్న మనిషిని, ఆవిడ నమ్మింది.